మోత లేని సూది: మూడేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో ఆరేళ్లుగా ఈఎంజీ పరీక్షలు (కండరంలో సూది పెట్టి దాని విద్యుత్ సంకేతాలు చూసేవి) చేస్తున్నాను. మొదటి మూడేళ్లు మోనోపోలార్ సూదులు (రెండో ఎలక్ట్రోడ్ చర్మం మీద విడిగా అంటించాలి), ఆ తర్వాత కాన్సెంట్రిక్ (రెండూ సూదిలోనే ఉంటాయి). పొడవు, మందం ప్యాకెట్ మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా గోడు అంతా 50 హెర్ట్జ్ మోత, అంటే ఇంటి కరెంటు నుంచి సంకేతంలో కలిసే గుయ్ శబ్దం గురించే.

మే నెల. మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఏళ్లకేళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం కొయ్యబారింది. కుడి పాదం లేవదు, చెప్పు జారిపోయినా తెలియదట. మోకాలి కింద ముందు కండరంలో మోనోపోలార్ సూది పెట్టగానే స్పీకర్ గుయ్‌మంది. తెర మీద గీత వేలెడు లావైంది. ఫ్యాన్ ఆపాను, ట్యూబ్‌లైట్ ఆపాను, మంచం పక్క ప్లగ్గులు పీకాను. ఆ 50 హెర్ట్జ్‌ను కోసేసే నాచ్ ఫిల్టర్ వేస్తే మోత తగ్గేదే, కానీ అది కండరం ఇచ్చే చిన్న పొటెన్షియళ్ల (విద్యుత్ సంకేతాల) ఆకారాన్ని కూడా చెడగొడుతుంది. "సారూ, జర తియ్యరాదు, గుంజుతున్నది" అన్నాడాయన. నాకు చాలా బాధనిపించింది.

తీరా చూస్తే, చర్మం మీది రిఫరెన్స్ పట్టీ (ఆ రెండో ఎలక్ట్రోడ్) చెమటకు ఒక అంచు లేచింది. యాంప్లిఫయర్ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడానే చూపిస్తుంది. రెండింటి ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు) దగ్గరగా ఉంటే కరెంటు మోత రెండు వైపులా ఒకేలా వచ్చి చాలావరకు రద్దవుతుంది. పట్టీ లేచిందంటే ఆ సమతూకం పోయినట్టే.

కొత్త పట్టీ కూడా ఆ చెమటకు నిలవలేదు. శాంపిల్‌గా వచ్చిన కాన్సెంట్రిక్ సూది విప్పాను. ఇందులో తీగ, చుట్టూ గొట్టం, రెండూ ఒకే కండరంలో ఉంటాయి. గీత సన్నబడింది. రేకుల మీద చినుకుల్లా ఫిబ్రిలేషన్లు (కండర పోగులు వాటంతటవే ఇచ్చే చిన్న సంకేతాలు) టిక్ టిక్‌మన్నాయి. అరగంటగా ఆ మోత కింద ఉన్నది ఇదే.

అప్పట్లో కనబడ్డ ప్రతి డాక్టరుకూ ఇదే కొనమన్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. తీగ చివర 0.07 చదరపు మిల్లీమీటర్లే, గొట్టం దానికన్నా ఎంతో పెద్దది, కాబట్టి ఇక్కడా ఇంపీడెన్స్ సమానం కాదు. ఒంటికి అంటించే గ్రౌండ్ (ఎర్త్) పట్టీ ఊడితే ఇదీ గుయ్‌మంటుంది. పైగా సూది మొనకు ఏటవాలు కోత ఉన్న వైపు నుంచే ఎక్కువగా వింటుంది, ఆంప్లిట్యూడ్ (సంకేతం ఎత్తు) తక్కువ చూపిస్తుంది. పాత మోనోపోలార్ కొలతలతో పోల్చి తప్పు రాసి, మొదటి నెలలోనే రెండు రిపోర్టులు తిరగరాశాను.

మాది పాత బిల్డింగు, పక్కనే వెల్డింగ్ షాపు. ఎర్తింగ్ బాగుండి, పట్టీ పెట్టే ముందు చర్మం ఓపిగ్గా రుద్ది తుడిచే టెక్నీషియన్ ఉన్నచోట మోనోపోలార్‌తోనూ శుభ్రమైన గీత రావచ్చు. నాకు ఆ రెండూ లేవు.