పద్నాలుగేళ్లుగా వాడుతున్న ఇంగ్లీష్ పర్యాయపదాల పుస్తకం: ‘వర్షిప్’ పేజీ సంగతి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, సన్మాన పత్రాలు, జాతర కరపత్రాలు. 2011లో హైదరాబాద్ కోఠీ ఫుట్‌పాత్ మీద ఈ పుస్తకాన్ని 120 రూపాయలకు బేరమాడి కొన్నాను. మొదటి వానాకాలంలోనే అట్ట ఊడిపోయింది కాబట్టి పేరు అడగొద్దు.

పద్నాలుగేళ్లలో నేను ఎక్కువగా తెరిచింది ఒకటే పేజీ, ‘వర్షిప్’ ఉన్నది. అంచులు నల్లబడ్డాయి, రెండు చోట్ల సెల్లోటేపు అంటించాను. గుడి పని వచ్చినా, చర్చి పని వచ్చినా, దర్గా పని వచ్చినా, “అమెరికాల ఉన్నోళ్లు సూస్తరన్నా, ఇంగ్లీష్‌ల గూడ రెండు లైన్లు ఎయ్యి” అంటారు. ఆ రెండు లైన్లకూ ఈ పేజీయే దిక్కు.

పేజీలో వర్షిప్, ఎడోర్, రెవర్, వెనరేట్, హోమేజ్, డివోషన్, ఒబేసెన్స్ అన్నీ వరుసగా ఉంటాయి. మధ్యలో కామాలు. అంతే, ఇంకో ముక్క లేదు. ఏది పెట్టినా నడుస్తుందనే అనుకున్నాను. చాలా రోజులు నడిచింది కూడా, అడిగేవాళ్లు లేక.

మొదటి దెబ్బ ఒక సన్మాన పత్రంతో తగిలింది. ఒక హైస్కూల్ ఇంగ్లీష్ సారు రిటైర్మెంట్. పాత విద్యార్థులు వచ్చి “సారును దేవుని లెక్క సూస్తం, అట్లనే రాయి” అన్నారు. ‘వుయ్ వర్షిప్ యూ సర్’ అని బంగారు రంగు అక్షరాల్లో వేసి ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను. రెండు రోజులకు సారే షాపుకు వచ్చారు. “బిడ్డా, నేనింక గోడకు ఎక్కలేదు గదా, అప్పుడే పూజలేంది?” అన్నారు. సిగ్గుతో చచ్చాను. కుర్చీ వేసి చాయ్ తెప్పిస్తే, ఆయన పావుగంట పాఠం చెప్పి వెళ్లారు. ఈ పుస్తకం మొత్తం కలిపి నాకు చెప్పినదాని కంటే అదే ఎక్కువ.

వర్షిప్‌లో మొదటి సగం ‘వర్త్’, అంటే విలువ. ఫలానా వారు విలువ గలవారు అని ఒప్పుకోవడమే మొదట్లో దాని అర్థం. అందుకే ఇంగ్లండ్‌లో మేయర్లనూ మేజిస్ట్రేట్లనూ ‘యువర్ వర్షిప్’ అని పిలుస్తారు. అక్కడి పాత చర్చి పెళ్లిలో వరుడు వధువుతో ‘విత్ మై బాడీ ఐ దీ వర్షిప్’ అని ప్రమాణం చేసేవాడట, నిన్ను గౌరవిస్తాను అనే అర్థంలో. మన దగ్గర తాళి కట్టేటప్పుడు ఆ మాట అంటే పంతులు మంత్రం ఆపేస్తాడు. తర్వాత కాలంలో ఆ మాట దేవుడి వైపు జరిగిపోయింది. “నాకు రెవరెన్స్ చాలు, దాని లాటిన్ మూలంలో భయం ఉంది” అన్నారు సారు. అంటే మన భయభక్తులే. బెత్తం సారుకు అంతకంటే సరైన మాట ఏముంటుంది!

రెండో దెబ్బ మాత పండుగ ఆహ్వానపత్రం. ‘వర్షిప్ ఆఫ్ మదర్ మేరీ’ అని వేశాను. ప్రూఫ్ చూసిన ఫాదర్ పెన్ను తీసి ‘వర్షిప్’ కొట్టేసి ‘వెనరేషన్’ అని రాశారు. కేథలిక్కుల్లో ఇది పెద్ద గీత. ఆరాధన దేవుడికి మాత్రమే, దాన్ని లాట్రియా అంటారు. పునీతులకు, అంటే సెయింట్లకు ఇచ్చే గౌరవం డూలియా. మరియమ్మది అందరు పునీతుల కంటే పైమెట్టు, హైపర్‌డూలియా. నా పుస్తకంలో ఈ గీత ఉండాల్సిన చోట కామా ఉంది! అదే కార్డులో కింద ‘ఎడోరేషన్, సాయంత్రం 6 గంటలకు’ అని ఉంది. దివ్యసత్ప్రసాద ఆరాధన అది, క్రీస్తు శరీరంగా నమ్మే అప్పం ముందు చేసేది, అక్కడ ఎడోర్‌కు బరువెంతో! అదే మాటను మా అక్క కూతురు డల్లాస్ నుంచి చీర ఫొటో కింద రాస్తుంది.

జాన్‌పహాడ్ దర్గా ఉర్సు ఫ్లెక్సీకి వచ్చేసరికి కొంచెం తెలివి వచ్చింది, ముందే అడిగాను. ఒక పెద్దాయన చెప్పారు: “ఇబాదత్ అల్లాకే బేటా. దర్గాకు వచ్చేది జియారత్‌కు.” ఇబాదత్ అంటే ఆరాధన, జియారత్ అంటే దర్శనం. కందూరు, అంటే దర్గా దగ్గర మొక్కు విందు చేయడానికి వచ్చేవాళ్లలో చాలామంది హిందువులే, వాళ్లు “మొక్కు” అంటారు. వర్షిప్ జోలికి పోకుండా ‘పే రెస్పెక్ట్స్’ అని వేశాను. సాదా మాట, ఎవరికీ గుచ్చుకోలేదు.

మొక్కు అంటే గుర్తొచ్చింది, డివోషన్ లోపల ఉన్నది కూడా మొక్కే. లాటిన్‌లో ‘వోటుమ్’ అంటే మొక్కుబడి. చెర్వుగట్టు శివుడి గుట్ట ఎక్కి తలనీలాలిచ్చే మనిషికి ఈ మాట అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఈ పేజీలో నేను ఇప్పటికీ కళ్లు మూసుకుని వాడేది ఇదొక్కటే. ముడుపుకు ‘వోటివ్ ఆఫరింగ్’ ఉంది, అది ఇంకో పేజీలో ఎక్కడో పడేశారు.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక గిరాకీ మాత్రం నన్ను రెండు రోజులు తిప్పాడు. కురుమూర్తి జాతర, ఉద్దాల ఉత్సవం. వడ్డెమాన్ నుంచి స్వామికి తోలుతో కుట్టిన పాదరక్షలు, అవే ఉద్దాలు, ఊరేగింపుగా వస్తాయి, జనం వాటిని నెత్తికి తాకించుకుంటారు. అతను తెచ్చిన కాగితంలో ‘స్లిప్పర్స్ ఫెస్టివల్’ అని ఉంది. చదివితే బాటా షాపు ఆఫర్ లాగా ఉంది. చివరకు ‘సేక్రెడ్ శాండల్స్’ అని రాసి, పక్కన ‘వెనరేటెడ్’ చేర్చాను. ఒక పవిత్రమైన వస్తువును తాకి కళ్లకద్దుకోవడానికి ఆ మాట బాగానే కుదిరింది. ఫాదర్ పెన్నుకు థ్యాంక్స్.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీలే మాకు ఎక్కువ. వాటికి ‘హోమేజ్’ వేస్తాం. పూర్వం యూరప్‌లో దొర ముందు మోకాళ్లపై కూర్చుని, చేతులు జోడించి ఆయన చేతుల్లో పెట్టి ‘నేను నీ మనిషిని’ అని ఒప్పుకోవడం హోమేజ్. ‘ట్రిబ్యూట్’ అయితే కప్పం. చావుకు ఈ రెండూ ఏం మాటలని నవ్వబోయి ఆగాను. మన నివాళి కూడా అసలు హారతే కదా. దేవుడి ముందు తిప్పే హారతి ఇప్పుడు కన్నీటి ఫ్లెక్సీ మీదికి వచ్చింది. ఇంక వాళ్లను అని లాభమేంటి?

రేటింగ్ అంటే, మాటలు ఇచ్చినందుకు మూడు స్టార్లు. కామాలకు సున్నా. ఎక్కువ కోపం దేనికంటే, ‘దండం పెట్టుకున్నం’ అనే మాటకు ఈ పుస్తకంలో జవాబు లేదు. మా దగ్గర గుట్టకు పోయినా, గట్టుకు పోయినా, పీర్ల దగ్గరికి పోయినా అందరూ అనేది ఆ మాటే. వంగి దండం పెట్టడానికి ‘ఒబేసెన్స్’ అని ఒకటుంది కానీ పద్నాలుగేళ్లలో ఒక్క గిరాకీకీ నోరు తిరగలేదు.

కొత్తది కొనలేదు. మార్జిన్‌లో సారు చెప్పినవీ ఫాదర్ చెప్పినవీ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, కొత్త దాంట్లో అవి రావు. ఆ పేజీ జిరాక్స్ కావాలంటే షాపుకు రండి, రెండు రూపాయలు.