మిక్చర్ సెట్టింగ్‌కి పిగ్గీబ్యాక్, రీమ్యాప్, స్టాండలోన్: ఏది మేలు?

హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికెళ్లే గొట్టాలు) మార్చాను, ఇంటేక్ (గాలి లోపలికెళ్లే గొట్టం) కూడా మార్చాను, టర్బో లేని బండి, ఇప్పుడు మిక్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) సరిచేయాలి, పిగ్గీబ్యాక్ పెట్టించనా, రీమ్యాప్ చేయించనా, లేక ఏకంగా స్టాండలోన్ ఈసీయూకే వెళ్లిపోనా? ఈ నెలలో నలుగురు ఇదే అడిగారు. మొదటి రెండూ నా బండి మీదే చేయించాను, మూడోది స్నేహితుడి బండికి పెడుతున్నప్పుడు మొదటి నుంచి చివరి వరకు పక్కనే ఉన్నాను. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. ఈసీయూ అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్. దాని సిగ్నల్స్‌ని మధ్యలో మార్చే డబ్బా పిగ్గీబ్యాక్, దాని లోపలి ఫైల్‌నే మార్చడం రీమ్యాప్, దాన్ని పక్కనపెట్టి వేరే ఈసీయూ పెట్టడం స్టాండలోన్.

ముందు ఒక మాట. టార్గెట్ అంకె మీద ఎక్కువ గొడవ పడకండి. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ ఒక పాలుకి గాలి 12.6 నుంచి 13.2 పాళ్ల మధ్య, అంటే లాంబ్డా (పూర్తిగా కాలడానికి కావాల్సిన గాలితో పోలిస్తే ఎంత ఉందన్నది) 0.86 నుంచి 0.90 మధ్య ఎక్కడున్నా పవర్‌లో తేడా చాలా స్వల్పం. నిలకడగా వెళ్తున్నప్పుడు ఈసీయూ తనే 14.7 దగ్గర పట్టుకుంటుంది. (మిక్చర్ చూపించే వైడ్‌బ్యాండ్ గేజ్‌ని లాంబ్డాలో పెట్టుకోండి. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి అసలు అంకె 14.1 దగ్గర ఉంటుంది, గేజ్ మాత్రం 14.7 అనే చూపిస్తుంది.) ఈ అంకెలు మూడు పద్ధతుల్లోనూ తెప్పించవచ్చు. మిక్చర్ మార్చినప్పుడు దానితో పాటు మనకు తెలియకుండా ఇంకేం మారుతోంది? నా దృష్టిలో తేల్చుకోవాల్సింది అదొక్కటే.

నాకు ఇది పిగ్గీబ్యాక్‌తోనే తెలిసొచ్చింది. అప్పటికి హెడర్ ఒక్కటే మార్చాను. చాలా కంపెనీ సెట్టింగులు ఫుల్ థ్రాటిల్‌లో రిచ్‌గానే (ఇంధనం ఎక్కువగానే) ఉంటాయి, క్యాటలిటిక్ కన్వర్టర్ మరీ వేడెక్కకుండా అలా పెడతారు. నా బండిలో 11.8 ఉండేది. పిగ్గీబ్యాక్‌తో మాఫ్ సెన్సర్ (లోపలికెళ్లే గాలిని కొలిచేది) సిగ్నల్‌ని తొమ్మిది శాతం దాకా తగ్గిస్తే వైడ్‌బ్యాండ్‌లో చక్కగా 13.0 వచ్చింది, బండి కూడా హుషారుగా లాగింది. మూడో రోజు మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ 3500 ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కాను. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు నాకింగ్ (సిలిండర్‌లో మిక్చర్ తనంతట తానే పేలడం) వినిపించింది. వెంటనే కాలు తీసేసి, ఇంటికొచ్చి లాగ్ తెరిచి చూస్తే అంతకుముందు 24 డిగ్రీలున్న స్పార్క్ టైమింగ్ ఇప్పుడు 28 ఉంది. టైమింగ్‌ని నేను ముట్టుకోలేదు, పెట్టినవాళ్లూ ముట్టుకోలేదు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. గాలి తక్కువొచ్చిందని సెన్సర్‌తో అబద్ధం చెప్పిస్తే ఈసీయూ ఇంధనం ఒక్కటే తగ్గించి ఊరుకోదు. ఇంజిన్ మీద లోడ్ తక్కువగా ఉందనుకుని, టైమింగ్ టేబుల్‌లో తక్కువ లోడ్ గడిలోకి వెళ్తుంది, అక్కడ అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందుగా పడాలన్నది) ఎక్కువ ఉంటుంది. అంటే ఒకే దెబ్బకి మిక్చర్ లీన్ (ఇంధనం తక్కువ) అయింది, స్పార్క్ కూడా ముందుకు జరిగింది. రెండూ నాకింగ్‌ వైపుకే. తర్వాత నాక్ సెన్సర్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, వచ్చిన పవర్ కాస్తా పోతుంది.

అంతటితో అయిపోలేదు. రెండు వారాల తర్వాత వైడ్‌బ్యాండ్ చూస్తే ఫుల్ థ్రాటిల్‌లో మళ్లీ 12 దగ్గరికి వచ్చేసింది. నిలకడగా వెళ్తున్నప్పుడు కూడా సిగ్నల్ తగ్గుతోంది కదా, ఆక్సిజన్ సెన్సర్ అది లీన్ అని పట్టేసింది, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ నేర్చుకుని ఇంధనంలో చేసే సవరణ, శాతంలో) కొద్దికొద్దిగా +9కి చేరింది. చాలా బండ్లలో ఆ నేర్చుకున్న ట్రిమ్ ఫుల్ థ్రాటిల్‌లోనూ పనిచేస్తుంది. మిక్చర్ మొదటికొచ్చింది, టైమింగ్ మాత్రం ముందుకు జరిగినచోటే ఉండిపోయింది. ఇంజెక్టర్లని, ఇగ్నిషన్‌ని నేరుగా తన చేతిలోకి తీసుకునే మంచి పిగ్గీబ్యాక్‌లు ఉన్నాయి, వాటిని దీనితో కలిపేయకూడదు. ఈసీయూ లాక్ అయ్యి రీమ్యాప్‌కి దారే లేని బండికి అవే గతి. దారి ఉన్న బండికి మాత్రం నేను వద్దనే అంటాను.

రీమ్యాప్‌లో ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు. తర్వాత నేను ఇంటేక్ మార్చినప్పుడు సెన్సర్ ఉన్నచోట గొట్టం వ్యాసం 70 మి.మీ. నుంచి 76 అయింది. ఆరు మి.మీ.లే కదా అనిపిస్తుంది, కానీ వైశాల్యం 18 శాతం పెరిగింది. అంతే గాలి ఇప్పుడు నెమ్మదిగా పోతుంది, సెన్సర్ దాదాపు 15 శాతం తక్కువ చెబుతుంది. ట్రిమ్ +17 దాటి పీ0171 (మిక్చర్ మరీ లీన్) కోడ్‌తో లైట్ వెలిగింది. ఒక సంగతి గమనించారా? పెద్ద గొట్టం ఇంటేక్ వేసి ఏమీ చేయకుండా వదిలేయడమంటే, తెలియకుండా పిగ్గీబ్యాక్ పెట్టుకున్నట్టే. లోడ్ లెక్క తప్పుతుంది, టైమింగ్ జరుగుతుంది.

రీమ్యాప్ చేసిన ట్యూనర్ ముందు మాఫ్ కర్వ్‌ని (ఏ సిగ్నల్‌కి ఎంత గాలో చెప్పే పట్టికని) కొత్త గొట్టానికి తగ్గట్టు దిద్దాడు. ట్రిమ్‌లు +2, +3లోకి వచ్చేదాకా ఫుల్ థ్రాటిల్ టేబుల్ జోలికే పోలేదు. ఈ వరస చాలా ముఖ్యం. మీ ట్యూనర్ నేరుగా ఫుల్ థ్రాటిల్ అంకె దిద్దడం మొదలుపెడితే ఆపి అడగండి. గాలి లెక్క సరిగ్గా ఉంటే లోడ్, టైమింగ్, కోల్డ్ స్టార్ట్ అన్నీ కంపెనీ వాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించినట్టే ఉండిపోతాయి. లోపాలు లేకపోలేదు. ఏ పార్ట్ మార్చినా మళ్లీ ఫైల్ రాయించుకోవాలి, సర్వీస్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మన ఫైల్ ఎగిరిపోవచ్చు.

స్టాండలోన్ ఎక్కడ తప్పదంటే, సిలిండర్‌కొక థ్రాటిల్ వేసినప్పుడు, లేదా ఓవర్‌ల్యాప్ (ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) బాగా ఎక్కువున్న క్యామ్ (వాల్వ్‌లని తెరిచే షాఫ్ట్) వేసినప్పుడు. అప్పుడు మ్యానిఫోల్డ్ వ్యాక్యూమ్ నిలకడగా ఉండదు, థ్రాటిల్ కాస్త తెరవగానే ప్రెషర్ బయటి గాలితో సమానమైపోతుంది, ప్రెషర్ సెన్సర్‌ని నమ్ముకుని లోడ్ లెక్కేయలేం. థ్రాటిల్ ఎంత తెరిచి ఉంది, ఆర్‌పీఎం ఎంత అన్న రెండింటితోనే ఇంధనం లెక్కేసే ఆల్ఫా-ఎన్ పద్ధతి కావాలి. స్నేహితుడి బండికి ఫుల్ థ్రాటిల్ సెట్టింగ్ డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఒక్క పూటలో అయిపోయింది. పొద్దున్నే స్టార్ట్ అయ్యేలా చేయడానికి మూడు నెలలు పట్టింది, ఎందుకంటే పూర్తిగా చల్లారిన ఇంజిన్ రోజుకొక్కసారే దొరుకుతుంది. ఏసీ వేస్తే ఐడిల్ పడిపోకుండా చూడటం, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో చెప్పడం, అన్నీ మన నెత్తినే. రోజూ ఆఫీసుకెళ్లే బండికి అంత అవసరం లేదు.

ఇక ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్: ప్రెషర్ పది శాతం పెంచితే ఇంధనం ఐదు శాతం పెరుగుతుంది, అదీ అన్నిచోట్లా, ట్రిమ్ దాన్ని మళ్లీ తగ్గిస్తుంది. సెన్సర్ వైరుకి తగిలించే రెసిస్టర్ 'చిప్'లు కొనకండి.

ఏ దారిలో వెళ్లినా వైడ్‌బ్యాండ్ ముందుండాలి, దాన్ని చదవడం కూడా రావాలి. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీక్ ఉంటే బయటి గాలి కలిసి లీన్ చూపిస్తుంది. మిస్‌ఫైర్ అయినా కాలని ఆక్సిజన్ వల్ల లీన్‌గానే చూపిస్తుంది. పెద్ద క్యామ్ బండి ఐడిల్‌లో కూడా ఇంతే, అక్కడ గేజ్ కన్నా ఇంజిన్ ఎంత నిలకడగా తిరుగుతోందో చూసి సెట్ చేయాలి. నా బండిలో హెడర్ గాస్కెట్ దగ్గర వెంట్రుకంత లీక్‌తో రెండు రోజులు ఇంధనం పెంచుకుంటూ పోయాను. స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే నల్లగా మసి పట్టి ఉంది.

ఇప్పుడు నా బండి రీమ్యాప్ మీదే ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో 12.9, ట్రిమ్ +2, ఆ ఎత్తు మీద అదే గేరులో టైమింగ్ 24. మీది ఇంటేక్, హెడర్, ఓ మోస్తరు క్యామ్ వరకే అయితే ఇదే చేయించండి. సిలిండర్‌కొక థ్రాటిల్ వేసే ఆలోచన ఇప్పటికే ఉంటే మాత్రం రీమ్యాప్‌కి డబ్బు పెట్టకండి, నేరుగా స్టాండలోన్‌కే దాచుకోండి.