విజయనగరంలో పెద్దవాళ్లకి ఫోన్ కొంటున్నారా? "సెట్టింగ్ చేసి ఇస్తాం" అంటే జాగ్రత్త

ఇంట్లో పెద్దవాళ్లకి స్మార్ట్‌ఫోన్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. మాకు అమ్మిన ఫోన్ నకిలీది కాదు, ధర కూడా మరీ ఎక్కువేం కాదు. తిరకాసంతా "సెట్టింగ్ చేసి ఇస్తాం తాతగారూ" అని కౌంటర్ మీద చేసిన పనిలో ఉంది.

కొన్నది మా మావయ్య. నెల్లిమర్లలో జూట్ మిల్లులో చేసి రిటైరయ్యాడు, దాసన్నపేటలో ఉంటాడు. బటన్ ఫోన్‌తో హాయిగా ఉన్న మనిషి. పీఎఫ్ పెన్షన్‌కి ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ వల్ల ఈ కొత్త ఫోన్ అవసరం పడింది. గోగునార పట్టి పట్టి ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద వేలు పెడతాడు, తీసుకోదు. చొక్కాకి తుడిచి పెడతాడు, కొబ్బరినూనె రాసి పెడతాడు, అయినా తీసుకోదు. "నాను బతికే ఉన్నానని దీనికి ఎలాగ చెప్పాల్రా?" అని నవ్వుతాడు గానీ, పెన్షన్ ఆగిపోతుందన్న టెన్షన్ మాత్రం ఉండేది. 2021 నుంచి జీవన్ ప్రమాణ్‌లో, అంటే పెన్షనర్లు ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిలో, ముఖం చూపించి కూడా సర్టిఫికెట్ ఇచ్చే వీలు వచ్చింది. దానికి ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ పనిచేసే ఫోన్, ఓ మాదిరి మంచి కెమెరా ఉండాలి.

టౌన్లో ఒక షాపుకెళ్లి రూ.13,500 నగదు కట్టి కొన్నాడు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. చేతికిచ్చింది బిల్లు కాదు, పైన 'ఎస్టిమేట్' అని అచ్చేసిన చిన్న చీటీ. అందులో ఫోన్ మోడల్, డబ్బు తప్ప ఇంకేం లేదు. జీఎస్టీ నంబర్ లేదు, ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబర్) లేదు. తర్వాత కౌంటర్ కుర్రాడు ఫోన్ ఆన్ చేసి జీమెయిల్ ఐడీ తనే పెట్టాడు. పాస్‌వర్డ్ ఏంటో చెప్పలేదు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ వచ్చే రికవరీ నంబర్‌గా మావయ్య నంబర్ బదులు షాపు నంబర్ ఇచ్చాడు. ఏటీఎం కార్డు అడిగి యూపీఐ పెట్టాడు. "ఒక్క రూపాయి టెస్టింగ్, పిన్ కొట్టండి" అన్నాడు. మావయ్య కొట్టాడు. ఆ రూపాయి టెస్టింగ్ కాదు. నెలకి రూ.149 చొప్పున 'ప్రొటెక్షన్ ప్లాన్' కోసం పెట్టిన ఆటోపే. ఒకసారి పిన్ కొడితే చాలు, ఆ తర్వాత ప్రతి నెలా పిన్ అడక్కుండానే డబ్బు వెళ్లిపోతుంది. ముందు రోజు మెసేజ్ వస్తుంది, అదీ ఇంగ్లీషులో. ఆయన ఇంగ్లీషు మెసేజులన్నీ కంపెనీ వాళ్ల గోలే అనుకుని వదిలేస్తాడు.

నిజం చెప్పాలంటే ఫోన్ మాత్రం ఆయనకి బాగా అలవాటైంది. టైపింగ్ జోలికి పోడు, అందరికీ వాయిస్ మెసేజులే. మొదట్లో ఒకటే ఇబ్బంది. బటన్ ఫోన్ అలవాటు కొద్దీ స్క్రీన్ మీద వేలు గట్టిగా అదిమి పట్టేవాడు, యాప్ బొమ్మ కాస్తా లేచి వేలితో పాటే జరిగిపోయేది, ఒక్కోసారి మాయమైపోయేది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ లోపల 'టచ్ అండ్ హోల్డ్ డిలే' అని ఉంటుంది, దాన్ని 'లాంగ్' చేస్తే ఆ బాధ చాలావరకు పోయింది. మీ ఇంట్లో కూడా ఇదే తంతు అయితే చేసి చూడండి.

అసలు గొడవ లాక్ ప్యాటర్న్ మర్చిపోయాక మొదలైంది. రిపేర్ చేసే ఆయన రీసెట్ కొట్టాడు. ఫోన్ తెరుచుకుంది గానీ, ఇంతకుముందు ఇందులో ఉన్న గూగుల్ ఖాతా వివరాలిస్తేనే ముందుకెళ్తానంది. దొంగిలించిన ఫోన్‌ని ఇంకొకడు వాడకుండా ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఉన్న రక్షణ ఇది. మంచిదే. కానీ ఆ ఖాతా పాస్‌వర్డ్ కుర్రాడికే తెలుసు, ఓటీపీ షాపు నంబర్‌కే వెళ్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళితే, ఐఎంఈఐ నంబర్ ఉన్న బిల్లు చూపిస్తేనే లాక్ తీస్తామన్నారు. మన దగ్గరున్నది ఎస్టిమేట్ చీటీ. తిరిగి తిరిగి ఆ షాపుకే వెళ్లాలి. వాళ్లు చల్లగా "అన్‌లాక్‌కి పదిహేను వందలు అవుతుంది" అన్నారు. సొంత ఫోన్‌కి తాళంచెవి కొనుక్కోమన్నట్టు! అక్కడున్న కాసేపట్లోనే ఇంకో పెద్దావిడ ఇదే పని మీద వచ్చింది. అందుకే ఇది పొరపాటు అని నేను నమ్మను.

కాబట్టి ఐఎంఈఐ రాసిన జీఎస్టీ బిల్లు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. బిల్లు లేకుండా అయితే కాస్త తగ్గిస్తాం అంటారు, ఒప్పుకోవద్దు. ఫోన్‌లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే నంబర్ కనిపిస్తుంది, బాక్సుతోను, బిల్లుతోను కలిపి చూసుకోండి. జీమెయిల్, యూపీఐ పనులు షాపులో వద్దు, ఇంటికొచ్చి మనవాళ్ల చేత పెట్టించుకోండి. పాస్‌వర్డ్ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఎక్కడా రాయొద్దంటారు గానీ, ఈ వయసులో ఇంట్లో బీరువాలో రాసి ఉండటమే నయం. ఇప్పటికే షాపులో పెట్టించుకుని ఉంటే రికవరీ నంబర్ ఎవరిదో చూసి మార్చేయండి. అలాగే యూపీఐ యాప్‌లో ఆటోపే అనేచోట ఏమున్నాయో చూడండి, అక్కర్లేనిది అక్కడే రద్దు చేయొచ్చు. మావయ్యది అలాగే తీసేశాం. ఖాతాలోంచి తెలియకుండా పెద్ద మొత్తమే పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

షాపు మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. తర్వాత షాపు నుంచి ఫోన్, "ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, ఉచితంగా అన్‌లాక్ చేస్తాం" అని. మావయ్య ఒప్పుకోలేదు. "ముందు బిల్లు ఇమ్మను, కోసేసిన డబ్బులు వెనక్కెయ్యమను, అప్పుడు చూద్దాం" అన్నాడు. వాళ్లు దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాం. రూ.5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. ఎస్టిమేట్ చీటీ మీద ఇలాగే ఇరుక్కున్నవాళ్లు మన జిల్లాలో ఎవరైనా ఉంటే ఆ చీటీ పారేయకండి, ఫోటో తీసి ఉంచుకోండి.