ఇంట్లో చేసుకునే హై గెయిన్ డిస్టార్షన్ పెడల్: రాట్, బిగ్ మఫ్, హెచ్ఎం-2లలో ఏది మేలు?

గిటారుపై మెటల్ రిఫ్‌లకు (పదేపదే వచ్చే బాణీ ముక్కలకు) సరిపడా గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి ఉన్న పెడల్‌ను (గిటారుకూ ఆంప్‌కూ మధ్య పెట్టి శబ్దాన్ని గరుకుగా మార్చే పెట్టెను) సొంతంగా సోల్డర్ చేసుకోవాలనుకునేవాళ్ల ముందు సాధారణంగా మూడు సర్క్యూట్లు ఉంటాయి: ప్రోకో రాట్, ఎలక్ట్రో-హార్మోనిక్స్ బిగ్ మఫ్, బాస్ హెచ్ఎం-2. మొదటిసారి చేస్తున్నవాళ్లకైతే నా ఓటు రాట్‌కే. సౌండ్ బాగుంటుందనే కాదు, ఎక్కడైనా తేడా కొడితే అదెక్కడో వెతికి పట్టుకోవడం ఇందులోనే తేలిక.

రాట్ 1970ల చివర్లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం కలమజూలో పుట్టింది. ఒక ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే ఐసీ), రెండు సిలికాన్ డయోడ్లు, చివర్లో ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), చుట్టూ కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. అసలు భాగాలు ఇంతే. మూడు నాబ్‌లకూ 100కే (లక్ష ఓముల) లాగ్ పాట్లే, అంటే తిప్పితే విలువ మారే రెసిస్టర్లే కాబట్టి ఒకే రకం మూడు కొంటే సరిపోతుంది.

దీని కిటుకంతా ఆప్-ఆంప్ రెండో పిన్ నుంచి గ్రౌండ్‌కు వెళ్లే రెండు దారుల్లో ఉంది. ఒక దారిలో 560 ఓముల రెసిస్టర్, 4.7 మైక్రోఫారాడ్ కెపాసిటర్. రెండో దారిలో 47 ఓములు, 2.2 మైక్రోఫారాడ్. మొదటిది 60 హెర్ట్జ్ దగ్గరి నుంచే పనిలో ఉంటుంది, రెండోది 1,500 హెర్ట్జ్ చేరాక గానీ పూర్తిగా అందుకోదు. గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పితే కింది స్వరాలకు దాదాపు 180 రెట్లు, పైవాటికి కాగితం మీద 2,000 రెట్లకు పైనే గెయిన్ వస్తుంది. లావు తీగ మీద పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగను అదిమి) కొట్టినా మోత అలుక్కుపోకుండా గట్టిగా పడేది ఇందుకే. అంత గెయిన్‌ను రాట్‌లోని ఆప్-ఆంప్ అయిన ఎల్ఎం308 ఐసీ నిజంగా అందుకోలేదు. దాని అవుట్‌పుట్ మైక్రోసెకనుకు 0.3 వోల్టు మాత్రమే కదలగలదు. ఆ నెమ్మదితనమే పైన వచ్చే గరుకును కొంత నున్నగా చేస్తుంది. ఇంకా చిరచిర ఎక్కువగా అనిపిస్తే 47 ఓముల రెసిస్టర్ ఒక కాలు పైకి లేపేయండి. డిస్టార్షన్ తగ్గి, శబ్దం నిండుగా మారుతుంది. అక్కడ చిన్న స్విచ్ పెట్టుకుంటే ఒకే పెట్టెలో రెండు పెడల్స్ ఉన్నట్టే.

ఎల్ఎం308 తయారీ ఆగిపోయింది. అందుకే పేరు మార్చి ముద్ర వేసిన నకిలీలు బాగా తిరుగుతుంటాయి. వాటి వెంట పడొద్దు. కంపెనీయే తర్వాతి రాట్‌లలో ఓపీ07 అనే ఆప్-ఆంప్ వాడింది, దాని వేగం కూడా అంతే. ఓపీ07 పెడితే 1, 8 పిన్‌ల మధ్య ఉండే 30 పికోఫారాడ్ కెపాసిటర్ మాత్రం వేయకండి. టీఎల్071 కూడా అదే సాకెట్‌లో కూర్చుంటుంది, కానీ హైస్ (పై స్వరాలు) కొంచెం పదునుగా వినిపిస్తాయి. ఐసీని నేరుగా సోల్డర్ చేయకుండా సాకెట్ వేసుకుంటే ఈ తేడా మీ చెవులతోనే తేల్చుకోవచ్చు.

ఇక బిగ్ మఫ్. 1969 నుంచి ఉన్న సర్క్యూట్. నాలుగు ట్రాన్సిస్టర్లు, వాటిలో మధ్య రెండూ వరసగా సిగ్నల్‌ను కత్తిరిస్తాయి. సాగదీసే సోలోలకు, నెమ్మదిగా నడిచే డూమ్ మెటల్ రిఫ్‌లకు దీని సస్టెయిన్ (స్వరం ఆగకుండా సాగడం) ముందు రాట్ నిలవదు. ఖర్చూ తక్కువే. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళితే బీసీ547, బీసీ549 ట్రాన్సిస్టర్లు తేలిగ్గా దొరుకుతాయి. అయితే స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) 2ఎన్5088 అని ఉండి మీరు బీసీ549 వేస్తుంటే ఆగి చూసుకోండి. చదునైన ముఖం మీవైపు పెట్టి చూస్తే మొదటిదానికి ఎమిటర్ కాలు ఎడమ పక్కన, రెండోదానికి కుడి పక్కన ఉంటుంది. తిప్పి పెట్టాలి.

బిగ్ మఫ్‌తో నా అసలు ఇబ్బంది బ్యాండ్‌లో వాయించేటప్పుడు. దీని టోన్ సర్క్యూట్ 1,000 హెర్ట్జ్ చుట్టుపక్కల పెద్ద గుంట చేస్తుంది. గదిలో ఒంటరిగా వాయిస్తే గోడలు అదిరినట్టుంటుంది, డ్రమ్స్, బేస్ తోడయ్యేసరికి గిటారు ఎక్కడుందో తెలియదు. టోన్ భాగంలోని 3.9 నానోఫారాడ్ బదులు 10 నానోఫారాడ్ వేస్తే ఆ గుంట చాలావరకు పూడుతుంది. బ్యాండ్ కోసం చేసేవాళ్లు మొదటి రోజే ఈ మార్పు చేసుకోవడం మంచిది.

హెచ్ఎం-2ది వేరే కథ. 1983లో వచ్చి 1991 దాకా నడిచిన పెడల్. స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియోలో ఎంటూంబ్డ్ లాంటి బ్యాండ్లు నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పి రికార్డు చేసిన ఆ రంపపు కోత శబ్దం దీనిదే. ఆ శబ్దమే కావాలంటే రాట్‌తోనో మఫ్‌తోనో సరిపెట్టుకోలేరు. కానీ భాగాలు చాలా ఎక్కువ. డిస్టార్షన్ తర్వాత వచ్చే ఈక్యూ (స్వరాల హెచ్చుతగ్గులను దిద్దే) భాగంలో ఒక్క విలువ తప్పినా ఆ కోత రాదు, ఎందుకు రాలేదో కనిపెట్టడమూ కష్టం. దీన్ని వెరోబోర్డు (రాగి పట్టీలున్న రంధ్రాల బోర్డు) మీద మొదలుపెట్టొద్దు, అచ్చు వేసిన పీసీబీ తెప్పించుకోండి. అదీ రెండో మూడో పెడల్‌గా.

రాట్‌కు వెరోబోర్డు చాలు. బోర్డు పూర్తయ్యాక, ఐసీ పెట్టాక మల్టీమీటర్‌తో ఆరో పిన్ చూడండి. 9 వోల్టుల సప్లైకి సుమారు 4.5 వోల్టులు రావాలి. వస్తే పని సగానికి పైగా అయినట్టే. 0 గానీ 9 గానీ చూపిస్తే ఆ 4.5 వోల్టులు అందించే బయాస్ రెసిస్టర్లనో, బోర్డు ట్రాక్ (రాగి పట్టీ) కోసిన చోటో చూడాలి.

ఇంత గెయిన్‌లో వైరింగే సగం సర్క్యూట్. ఇన్‌పుట్ వైరు, అవుట్‌పుట్ వైరు పక్కపక్కనే వెళితే గెయిన్ పెంచగానే కీచుమని ఈల మొదలవుతుంది. ఇన్‌పుట్‌కు షీల్డ్ వైరు వాడి, షీల్డ్‌ను ఒక కొసలోనే గ్రౌండ్ చేయండి. పెట్టె అల్యూమినియందే కావాలి, దానికీ గ్రౌండ్ తగలాలి. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ట్యూబ్‌లైట్ గుర్రుమనడం కూడా ఆంప్‌లో వినబడుతుంది. సప్లై దగ్గరుండే 47 ఓములు, 100 మైక్రోఫారాడ్‌లను అనవసరమని తీసేయకండి, చౌక అడాప్టర్ల రొదను ఆపేది అవే. ఇక ఫిల్టర్ నాబ్ కుడికి తిప్పేకొద్దీ శబ్దం మందమవుతుంది. రాట్‌లో అది అంతే, వైర్లు తారుమారయ్యాయని విప్పుకుంటూ కూర్చోకండి.