శంకరం కొండ నుంచి పూర్ణా మార్కెట్ దాకా, ఒక్క రోజులో

రాజమండ్రి వైపు నుంచి రైల్లో వైజాగ్ వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట. బౌద్ధ క్షేత్రాలు చూడాలనుంటే అనకాపల్లిలో దిగిపోండి. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. మేం రత్నాచల్‌లో దర్జాగా వైజాగ్ దాకా వెళ్లి, రాత్రి లాడ్జిలో పడుకుని, పొద్దున్నే కారెక్కి వచ్చిన దారినే నలభై కిలోమీటర్లు వెనక్కొచ్చాం.

వెళ్లింది నలుగురం. మా ఆయన, నేను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, మోకాళ్ల నొప్పుల మా అత్తయ్య. ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీ మాట్లాడుకున్నాం. కారు, డ్రైవరు, గైడు అన్నీ కలిపి రోజుకి 5,500 రూపాయలు, భోజనం ఖర్చు మనదే అన్నారు. మూడు కొండలు, రెండు బజార్లు. ఫోన్లో చూస్తే బాగానే ఉంది. మ్యాప్ తీసి చూడాల్సింది. బొజ్జన్నకొండ అనకాపల్లి పక్కన, తొట్లకొండ, బావికొండ భీమిలి రోడ్డులో. అంటే ఊరికి ఈ చివర ఒకటి, ఆ చివర రెండు. మధ్యలో గాజువాక ట్రాఫిక్.

ఏడున్నరకి బయల్దేరి తొమ్మిదింటికి బొజ్జన్నకొండ ఉన్న శంకరం చేరాం. ఆ ఊరి పేరు సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువుల మఠం, అన్న మాట నుంచి వచ్చిందిట. బుద్ధుడి కొండే జనం నోట్లో నాని బొజ్జన్నకొండ అయిందంటారు. పొద్దుటి పూట మాతో పాటు ఒక మేకల కాపరి, అతని మేకలు తప్ప ఎవరూ లేరు. మెట్లు నిటారుగానే ఉన్నాయి. అత్తయ్య కింద చెట్టు నీడన కూర్చుంటానన్నారు. గైడు కుర్రాడు, "సగం దాకా రండి మామ్మగారూ, గుహ ఒక్కటీ చూసి దిగిపోదురుగాని" అని చెయ్యందించి, ఆవిడ ఆగిన చోటల్లా తానూ ఆగి, తీసుకెళ్లాడు. పెట్టిన డబ్బులో సగం ఆ ఒక్క పనికే చెల్లిపోయిందనుకున్నాను.

పెద్ద గుహలోకి ఎండలోంచి వెళితే కాసేపు ఏమీ కనపడదు. కళ్లు అలవాటు పడ్డాక నడిమధ్యన స్తూపం కనిపిస్తుంది. తెచ్చిపెట్టింది కాదు, చుట్టూ రాయిని తొలిచేసి స్తూపాన్ని మాత్రం వదిలేశారు. చుట్టూ స్తంభాలు, కొన్ని విరిగిపోయి పైకప్పుకి మొండిగా వేలాడుతున్నాయి. మా అమ్మాయి స్తూపం మీద చెయ్యి ఆనించి, "అమ్మా, ఇది నేలకి అతుక్కునే ఉందే!" అంది. అప్పుడు నేనూ కిందికి చూశాను. నిజమే, పీఠానికీ నేలకీ మధ్య అతుకు లేదు. కొండ పైన ఉన్న పెద్ద స్తూపం ఇంకో రకం. ముందు కొండరాయినే స్తూపంలా చెక్కి, ఆ పైన ఇటుకలు పేర్చారు. ఇక్కడ తవ్వకాలు జరిపి నూరేళ్లు దాటింది. వాటిలో సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. ఎక్కడి గుప్తులు, ఎక్కడి అనకాపల్లి!

పక్కనే ఉన్న లింగాలకొండ నిండా వరసలు వరసలుగా రాతిలో చెక్కిన చిన్నా పెద్దా స్తూపాలు. దూరం నుంచి చూస్తే అచ్చం శివలింగాలే. కింద నిలబడ్డ అత్తయ్య చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు. "అవి లింగాలు కావండి మామ్మగారూ, స్తూపాలండి" అన్నాడు గైడు. "అయితే మాత్రం దణ్ణం పెట్టకూడదా ఏంటి నాయనా?" అన్నారావిడ. కుర్రాడు నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ నవ్వు ఆరకముందే ఇంకో సంగతి చెప్పాడు. కనుమ నాడు ఇక్కడ తీర్థం జరుగుతుంది. ఒకప్పుడు ఆ రోజు వచ్చినవాళ్లు బొజ్జ లాంటి ఒక రూపాన్ని రాక్షసుడిదనుకుని రాళ్లు రువ్వేవారట. చాన్నాళ్లు నచ్చజెప్పి ఆ ఆచారం మాన్పించారట. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ రాళ్లు విసిరినవాళ్ల మీద కోపం రాలేదు. చెప్పేవాళ్లు పోయాక కొండకి కథ తిరగబడింది, అంతే.

దిగాక అత్తయ్య పట్టుబట్టి కారుని బెల్లం బజారుకి తిప్పించారు. ప్యాకేజీలో లేదంటూ డ్రైవరు కాస్త సణిగాడు. ఆ రోజంతటిలో అసలైన బజారు అదే. షెడ్డు కింద వరసగా బెల్లం దిమ్మలు, గాలంతా తీపి వాసన, కందిరీగలు. తెల్లగా మెరిసేది కొనబోతే అత్తయ్య నా చెయ్యి వెనక్కి లాగారు. "హైడ్రోస్ మందు వేస్తేనే అంత తెలుపు. ఆ నల్లటిది చూడు" అని ముదురు రంగు దిమ్మలోంచి ఒక పెచ్చు గిల్లి నా నోట్లో పెట్టారు. కొంచెం ఉప్పదనం, వెనకాల చెరకు రసం మాడిన వాసన. రెండు కిలోలు కొట్టించుకున్నాం. గైడు కూడా వాళ్లమ్మకని ఒక కిలో తీసుకున్నాడు.

ఊళ్లోకి వచ్చి భోజనం చేసేసరికి రెండు దాటింది. భోజనం గురించి చెప్పుకోడానికేం లేదు, ఆకలి తీరింది.

అసలు గొడవ తర్వాత మొదలైంది. "నగర బజార్లు" అంటే పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ అని రాశారు. కారు ముందుగా ఆగింది మాత్రం ఒక ఏసీ షోరూం దగ్గర. ముత్యాలు, పగడాలు, ఏటికొప్పాక బొమ్మలు, అన్నిటి మీదా రెండింతల ధర. గైడు పొద్దున గుహలో కళ్లల్లోకి చూస్తూ చెప్పినవాడు, ఇక్కడ నేల చూపులు చూస్తున్నాడు. అతన్ని తప్పుపట్టలేను, ఎవరో పెట్టిన రూలు. కానీ ముప్పావు గంట అక్కడే పోయింది. ఇలాంటి ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు "షోరూంలు వద్దు" అని ముందే చెప్పండి. వీలైతే మెసేజ్ రూపంలో రాయించుకోండి.

పూర్ణా మార్కెట్‌లో గైడు అవసరమే లేదు. కూరల గంపలు, పసుపు కొమ్ములు, పళ్ల లారీలు, దారికి అడ్డంగా నిలబడ్డ ఆవు, దాన్ని తోలకుండా చుట్టూ తిరిగి వెళ్లే జనం. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వైపు బంగారం కొట్లున్నాయి. మనకి అక్కడ పనేముంది, నడుచుకుంటూ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లాం. అమ్మవారి మీద కప్పు ఉండదు, పైన ఆకాశమే. ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమ సమర్పించుకోవచ్చు. అత్తయ్యకి ట్రిప్పు మొత్తంలో నచ్చింది ఇదే. మార్గశిర గురువారాల్లో అయితే అడుగు పెట్టలేరు, మేం వెళ్లింది ఫిబ్రవరి కాబట్టి పావుగంటలో దర్శనమైంది.

ఇక తొట్లకొండ. బయల్దేరేసరికి నాలుగున్నర. బీచ్ రోడ్డు మీద సముద్రం చూస్తూ వెళుతుంటే గైడు అద్దంలోంచి వేలు చూపించి, "అదిగోండి, బావికొండ అటే" అన్నాడు. అంతే, మూడో కొండ అయిపోయింది! బుద్ధుడిదిగా భావించే ఎముక ముక్క ఒక చిన్న పాత్రలో దొరికిన చోటు అది. దాన్ని కారు అద్దంలోంచి చూపించి మూడు కొండలని లెక్క వేసుకోవడం నాకు మింగుడు పడలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే "టైం చాల్లేదు కదండీ" అన్నారు. షోరూం సంగతి అడిగితే లైను కట్టయింది.

తొట్లకొండ మీదకి కారు వెళుతుంది కాబట్టి మోకాళ్లవాళ్లకి ఇదే సుఖం. పైన విశాలంగా ఉంటుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. వానాకాలంలో భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఒకచోటే ఉండిపోయేవారు. ఆ కొండ మీద అంతమందికి నీళ్లు కావాలంటే పడ్డ వాన పడ్డట్టు పట్టుకోవాల్సిందే. ఒక తొట్టిలో అడుగున పచ్చటి నీళ్లు, అందులో ఎవరో పారేసిన చిప్స్ ప్యాకెట్. మా అమ్మాయి తీద్దామని వంగితే మా ఆయన వెనక్కి లాగారు. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు ఈ చోటు బయటపడింది. 1988 నుంచి నాలుగైదేళ్లు తవ్వారు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కింద కనపడే సముద్రమే ఆ నాణేలు వచ్చిన దారి. మహాస్తూపం 2019 అక్టోబరు వానలకి ఒక పక్క కూలిపోయింది, తర్వాత మళ్లీ కట్టారు. అందుకే కొన్ని రాళ్లు మరీ కొత్తగా కనిపిస్తాయి.

మాకు దొరికింది అరగంట. ఆ కొండకి రెండు గంటలైనా ఉండాలి, అదీ పొద్దున.

లాడ్జి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తీసుకున్నాం. రాత్రంతా హారన్లు, కానీ గది శుభ్రం, లిఫ్టు పనిచేసింది, కింద అయిదింటికే టీ దొరుకుతుంది. బీచ్ రోడ్డు హోటళ్లలో అద్దె మూడింతలు. రోజంతా బయటే తిరిగేవాళ్లకి అంత అవసరం లేదని నా అభిప్రాయం. మా ఆయనకి మాత్రం బాల్కనీలోంచి సముద్రం చూస్తూ కాఫీ తాగాలని ఉంది, వచ్చేసారి చూద్దాం.

గైడుకి విడిగా మూడొందలిచ్చాను. షోరూం గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాను, మెట్ల మీద అత్తయ్య చెయ్యి పట్టుకున్నది గుర్తొచ్చి ఇచ్చేశాను.

మర్నాడు తిరుగు రైలు అనకాపల్లిలో ఆగింది. కిటికీలోంచి బోర్డు చూసి మా ఆయన నా వైపు తిరిగారు. "ఏం మాట్లాడకండి" అన్నాను. పై బెర్తు మీద సంచిలోంచి బెల్లం వాసన వస్తోంది.