జెట్టీ లేని తీరాలకు 30 లీటర్ల డ్రై బ్యాగ్: ఆరు వారాలు వాడాక

దీవులు తిరగడం మొదలుపెట్టాక నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. జెట్టీ కట్టిన తీరానికి పెద్ద పడవలొస్తాయి. పెద్ద పడవలొస్తే జనమొస్తారు, జనం వెనకే స్పీకర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి. ప్రశాంతంగా మిగిలిన తీరాలకు చాలాసార్లు జెట్టీయే ఉండదు. పడవ ఒడ్డుకు కాస్త ఇవతలే ఆగిపోతుంది. సామానుతో నడుము లోతు నీళ్లలోకి దిగి నడవాలి. బ్యాగు సత్తా ఏంటో ఆ చివరి 40 అడుగుల్లోనే తేలిపోతుంది.

నా పాత బ్యాక్‌ప్యాక్ అక్కడే చేతులెత్తేసింది. రెయిన్ కవర్ ఉంది కదా అని ధైర్యంగా దిగాను. ఆ కవర్ పైనుంచి పడే వానను ఆపుతుంది గానీ, వీపు వైపు అంతా తెరిచే ఉంటుందని ఆలోచించలేదు. ఒక్క అల తగిలింది. బట్టలు, డైరీ, పాస్‌పోర్ట్ అన్నీ తడిసిపోయాయి. అతుక్కుపోయిన పాస్‌పోర్ట్ పేజీలను ఒక్కొక్కటే విడదీసి ఆరబెడుతూ ఆ మధ్యాహ్నం పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

అందుకే నీళ్లు లోపలికి పోనివ్వని ఈ పసుపు రంగు డ్రై బ్యాగ్ కొన్నాను. పీవీసీ పూత ఉన్న మందపాటి గుడ్డ, రెండు భుజం పట్టీలు, పైన మడిచి మూసే మూతి. ఇంతకుమించి ఏమీ లేదు. ఈ తరహావి చాలా కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి పేరుకంటే చూడాల్సింది అతుకులు. లోపలికి చెయ్యి పెట్టి తడిమి చూడండి. అతుకు వేడితో అంటించినట్టు నున్నగా, పట్టీలా తగలాలి. దారం తగిలిందంటే సూది దూరిన ప్రతి కన్నం నీటికి దారే.

మూసే పద్ధతి తెలియక చాలామంది బ్యాగును తిట్టుకుంటారు. సంచిని మూతిదాకా కుక్కితే మడత పడదు. నాలుగైదు లీటర్ల చోటు ఖాళీగా వదలాలి. మూతి అంచున ఉండే గట్టి పట్టీలు రెండిటినీ ముడతల్లేకుండా కలిపి పట్టుకుని, బిగుతుగా మూడుసార్లు మడిచి, రెండు కొసలూ వంచి బకిల్ పెట్టాలి. రెండు మడతలతో సరిపెట్టిన రోజు నా తువ్వాలు ఒక మూల తడిసింది. మూడు వేసిన రోజు ఎప్పుడూ తడవలేదు. కొన్న రోజే ఖాళీ సంచిలో గాలి పట్టి, మూసి, బకెట్ నీళ్లలో అదిమి చూశాను. బుడగలు రాలేదు.

అసలు పరీక్ష మాత్రం కో ముక్‌లో జరిగింది. థాయ్‌లాండ్‌లో ట్రాంగ్ ప్రావిన్స్ దీవి అది. దాని పడమటి కొండలో థామ్ మొరాకోట్ అనే గుహ ఉంది. సుమారు 80 మీటర్ల సొరంగంలో ఈదుకుంటూ వెళ్తే అవతల నిటారు కొండల నడుమ దాగిన చిన్న తీరం వస్తుంది. పగలు టూరు పడవలతో కిటకిటలాడుతుంది కాబట్టి, ఆటుపోట్ల వేళలు కనుక్కుని, తెల్లవారుతూనే ఫరాంగ్ బీచ్ నుంచి మరొకరితో కలిసి కయాక్‌లో వెళ్లాను. ఒంటికి లైఫ్ జాకెట్, తలకు హెడ్‌ల్యాంప్. సంచిలో ఫోన్, తువ్వాలు, పొడి బట్టలు. కొంత గాలి ఉంచే మూశాను, అందుకని నీటిమీద తేలింది. దాన్ని ముందుకు తోసుకుంటూ ఈదాను.

సొరంగం మధ్యలో చిమ్మచీకటి. నీళ్లు రాతికి తగిలే చప్పుడు, నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. అల లేచినప్పుడల్లా సంచి గోడకు రాసుకుంటుంటే ఇక చిరిగిపోయిందనే అనుకున్నాను. మలుపు తిరిగాక నీళ్లు పచ్చగా వెలిగాయి. తర్వాత ఇసుక కాళ్లకు తగిలింది. తలెత్తితే చుట్టూ కొండ, పైన గుండ్రంగా ఆకాశం. మడతలు విప్పాను. పై మడతలో చారెడు నీళ్లున్నాయి, లోపల తువ్వాలు పొడిగా, నిన్నటి ఎండ వాసనతోనే ఉంది. పైన రెండు గీతలు పడ్డాయి, అంతే. మొదటి టూరు బృందం వచ్చేదాకా ఆ తీరం మా ఇద్దరిదే.

అలాగని ఇది నీళ్లలో ముంచి ఉంచే సంచి కాదు. చిందే నీళ్లకు, కాసేపటి మునకకు పనికొస్తుంది. ఫోన్‌ను లోపల ఇంకో చిన్న పౌచ్‌లో పెట్టుకోవడమే మంచిది.

ఈ సంచి వల్ల నాకు కలిగిన అసలు మేలు వేరే ఉంది. సామాను తడుస్తుందన్న భయం లేకపోతే పడవను ఒడ్డుదాకా తెమ్మని అడగక్కర్లేదు. అడుగున ఇసుక ఉన్న చోట, పగడాలకు దూరంగా ఆపమని చెప్పి దిగిపోవచ్చు. పడవలు, లంగర్లు, జనం కలిసి తీరాన్ని ఏం చేస్తాయో థాయ్‌లాండ్‌లోనే ఉన్న మాయా బే చూపించింది. 2018 జూన్‌లో మూసిన ఆ తీరాన్ని 2022 జనవరిలో గానీ తెరవలేదు. తెరిచాక కూడా పడవలను లోపలికి రానివ్వడం లేదు, వెనకవైపు దిగి నడిచి రావాల్సిందే. ఇంకా పాడవని తీరాలకు మనమే ఆ నియమం పెట్టుకుంటే బాగుంటుందని నా కోరిక.

ఇక లోపాలు. నడుము పట్టీ లేదు, వీపుకు గాలాడదు. అరగంట దాటి నడిస్తే చొక్కా పిండుకోవాలి. తడి బట్టలు ఒక్క రాత్రి లోపలుంటే ముక్కిన వాసన పట్టేస్తుంది. అంటుకున్న ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి కడగకపోతే సంచి జిగటగానే ఉంటుంది. చిన్న దీవుల్లో మంచినీళ్లు అపురూపం, అందుకే నేను మగ్గు నీళ్లతో మూతి, బకిల్ మాత్రం కడిగి, మిగతాది తడిగుడ్డతో తుడిచేదాన్ని. బకిల్‌లో ఇసుక ఇరుక్కుంటే అది విరిగేదాకా రావచ్చు, దాన్ని మాత్రం వదలకండి.

నాలుగో వారంలో, ఫిలిప్పీన్స్‌లో పలావాన్ దీవిలోని పోర్ట్ బార్టన్‌లో, ఎడమ పట్టీ కుట్టు ఊడింది. పట్టీని విడి ముక్కకు కుట్టి, ఆ ముక్కను సంచికి అంటించారు కాబట్టి నీళ్లు రాలేదు గానీ, బరువంతా ఒక భుజం మీదే పడింది. కంపెనీకి ఫొటోలు పంపితే, ఉప్పునీళ్లలో వాడారు కాబట్టి వారంటీ వర్తించదని జవాబిచ్చారు. సముద్రం బొమ్మ వేసి అమ్మే వస్తువుకు ఆ మాట అనడం అన్యాయం. నాకు చాలా బాధేసింది. వెదురు రెక్కల బంకా పడవ నడిపే పెద్దాయన గాలం దారంతో నాలుగు కుట్లు వేసి ఇచ్చారు. ఆ కుట్టు ఇప్పటికీ కదల్లేదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటి ఆ పట్టీకీ ఆ జవాబుకీ. రెండు మూడు రోజుల సామానుకు 30 లీటర్లు చాలు, వారానికైతే 40 తీసుకోండి. పట్టీ కుట్టు మాత్రం కొనేముందు గట్టిగా లాగి చూడండి.