దీపస్తంభాల పెట్టెలో విమాన తపాలా: విజయనగరంలో ఒక స్టాంపుల దుకాణం

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత మేడ కింది గదిలో నాణేలు, తపాలా బిళ్ళలు అమ్మే చిన్న దుకాణం ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాలు వేరుచేసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, బిళ్ళ మీది బొమ్మ ఎంత అందంగా ఉందన్నదానికన్నా ఆ బిళ్ళ అంటించిన ఉత్తరం ఏ దారిన వెళ్ళిందన్నదే నాకు ముఖ్యం. గడచిన నాలుగు నెలల్లో ఆరేడుసార్లు ఆ దుకాణానికి వెళ్ళి, తొలినాటి విమాన తపాలాకు సంబంధించిన బిళ్ళలు, కవర్లు కొన్నాను. అదే ఆసక్తి ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇక్కడ బిళ్ళలను దేశాల వారీగా కాక, పక్షులు, రైళ్ళు, దేవాలయాలు, దీపస్తంభాలు అంటూ విషయాల వారీగా అట్టపెట్టెల్లో సర్దారు. కళింగపట్నం లైట్‌హౌస్ బొమ్మ ఉన్న కవరు ఏదైనా దొరుకుతుందేమోనని మొదటిరోజు దీపస్తంభాల పెట్టె అడిగాను. ఆ కవరు దొరకలేదు కానీ, పెట్టె అడుగున 1928 నాటి అమెరికా అయిదు సెంట్ల విమాన తపాలా బిళ్ళ ఒకటి కనిపించింది. చుట్టూ ఎర్రటి చట్రం, మధ్యలో నీలిరంగు బొమ్మ. భూతద్దం కింద పెడితే కొండల నేపథ్యంలో ఒక గోపురం, దాని మీద దీపం, పైన ఎగిరే విమానం స్పష్టంగా కనిపిస్తాయి. అది వయోమింగ్ రాష్ట్రంలోని షెర్మన్ కొండ మీద నిలబెట్టిన బీకన్, అంటే విమానాలకు దారి చూపే దీపం. రెండు రంగులనూ రెండు విడతలుగా అచ్చువేయడం వల్ల, నా చేతికొచ్చిన బిళ్ళలో నీలి బొమ్మ చట్రంలో కాస్త కిందికి జరిగి ఉంది. ఇంత చిన్న జరుగుడును "అచ్చుతప్పు బిళ్ళ" అని చెప్పి పదింతలు గుంజే వ్యాపారులను నేను చూశాను. ఈ దుకాణదారు మాత్రం ఆ బిళ్ళల్లో ఇది మామూలేనని తానే చెప్పి, వాడిన బిళ్ళ ధరకే, 150 రూపాయలకు ఇచ్చారు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

"బాబూ, ఇది సముద్రపు దీపం కాదు, విమానాలకు దారి చూపిన దీపం, పెట్టె మారింది" అన్నాను. "దీపమే కదండీ మాస్టారూ, ఇంకే పెట్టెలో వెయ్యమంటారు?" అన్నారాయన. ఇంటికి వచ్చి చదివితే, ఆయన మాటలో నేను ఊహించనంత నిజం ఉందని తెలిసింది. అమెరికాలో 1926లో విమాన వాణిజ్య చట్టం వచ్చాక, 1927లో తపాలాశాఖ చేతిలోని ఇలాంటి దీపాల వరుస వాణిజ్యశాఖకు మారింది; అక్కడ వాటి నిర్వహణను అప్పగించింది సముద్రతీరపు లైట్‌హౌస్‌లను చూసుకునే విభాగానికే. మరుసటిసారి వెళ్ళినప్పుడు ఆ మాట ఆయనతో చెప్పి, బిళ్ళ ఉండవలసింది ఆ పెట్టెలోనేనని ఒప్పుకున్నాను.

ఆ దీపాల అవసరం ఎందుకు వచ్చిందో తెలిస్తేనే ఈ బిళ్ళ విలువ అర్థమవుతుంది. 1918 మే 15న వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌ల మధ్య విమాన తపాలా మొదలైంది. తొలిరోజే వాషింగ్టన్ నుంచి ఉత్తరానికి బయల్దేరవలసిన పైలట్ దారి తప్పి దక్షిణానికి వెళ్ళి దిగిపోయాడు. 1920 సెప్టెంబరులో న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా దారి పూర్తయినా, చీకటి పడగానే సంచులను విమానంలోంచి దించి రైలుకు ఎక్కించవలసి వచ్చేది. రాత్రంతా రైలు పెట్టెలో ఉత్తరాలు వేరుచేసిన నాలాంటివాడికి ఆ ఏర్పాటు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. 1921 ఫిబ్రవరిలో ప్రయోగంగా రాత్రి కూడా ఎగిరినప్పుడు, నెబ్రాస్కాలో రైతులు, తపాలా ఉద్యోగులు నేల మీద మంటలు వేసి జాక్ నైట్ అనే పైలట్‌కు దారి చూపారు. ఆ సంచులు దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి సుమారు ముప్పై మూడు గంటల్లో చేరాయి.

మంటల స్థానంలో దీపాలు వచ్చి, 1924 జూలై 1 నుంచి రాత్రింబవళ్ళు తపాలా నడిచింది. సుమారు పది మైళ్ళకు ఒకటి చొప్పున ఉక్కు గోపురాలు. 51 అడుగుల ఎత్తున, నిమిషానికి ఆరుసార్లు తిరుగుతూ ప్రతి పది సెకన్లకూ ఒకసారి మెరిసే దీపం. గోపురం కింద, తరవాతి దీపం ఏ దిక్కున ఉందో పగటివేళ చూపేందుకు, పసుపురంగు వేసిన 70 అడుగుల కాంక్రీటు బాణం. విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా అలాంటి వరుస వేస్తే నాలుగైదు దీపాలు పడతాయి. వాటి మధ్య మధ్యలో, ఇంజను ఆగితే దిగడానికి చదును చేసిన మైదానాలు ఉండేవి. తిరిగే దీపం కింద ఉన్న చిన్న రంగుదీపాలు మోర్స్ సంకేతంలో ఆ గోపురం వరుస సంఖ్యను చెప్పేవి కాబట్టి, తాను ఎక్కడున్నాడో పైలట్‌కు వాటిని చూస్తేనే తెలిసేది. రేడియో సంకేతాలు వచ్చాక ఈ దీపాల పని క్రమంగా తగ్గిపోయినా, కొన్ని బాణాలు అక్కడి ఎడారుల్లో నేటికీ ఉన్నాయి.

మన దేశం బిళ్ళల విషయంలో దుకాణం ఇంకా మెరుగుపడాలి. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమున మీదుగా నైనీకి హెన్రీ పెకే అనే పైలట్ సుమారు 6,500 ఉత్తరాలతో ఎగిరిన సంగతికి గుర్తుగా, 1961లో వెలువడిన మూడు బిళ్ళలూ ఇక్కడ దొరుకుతాయి. ధర సబబుగానే ఉంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తెచ్చిన తపాలాను, అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. అహ్మదాబాదులో ఆ విమానానికి పెట్రోలు ఎద్దుబండి మీద వచ్చింది. ఆ దారికి సంబంధించిన కవరు మాత్రం ఒక్కటీ లేదు. బళ్ళారి ముద్ర ఉన్నది దొరికితే కబురు చేయమని చెప్పి వచ్చాను.

1949 జనవరిలో మొదలైన రాత్రి విమాన తపాలా నాటి కవరు ఒకటి 400 రూపాయలకు దొరికింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు అర్ధరాత్రి వేళ నాగపూర్‌లో కలుసుకొని, సంచులు మార్చుకొని, తెల్లవారేలోగా వెనక్కి వెళ్ళిపోయే ఏర్పాటది. ఇంత సరళమైన, ఇంత చక్కటి తపాలా పద్ధతి ఇంకొకటి నాకు తెలియదు. అయితే ఈ కవరును నేను దుకాణంలో తీసుకోకుండా పోస్టులో తెప్పించుకోవడం పొరపాటైంది: లోపల గట్టి అట్ట పెట్టకుండా మామూలు కవరులోనే పంపడంతో కుడి మూల మడత పడింది. ఫొటో పంపగానే వంద రూపాయలు తిరిగి ఇచ్చారు, కానీ మడత మడతే. పాత కాగితంతో వ్యాపారం చేసేవారు ఈ జాగ్రత్త ముందే తీసుకోవాలి. మన తీరపు తేమకు, వానాకాలంలో జిగురు ఉన్న బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అక్కడి మైనపు కాగితపు సంచులు పలచన కాబట్టి, కొన్న రోజే వాటిని ఆల్బంలోకి మార్చుకోవడం మంచిది.

దుకాణం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసి ఉంటుంది. కూర్చోవడానికి ఒకే కుర్చీ, వెలుతురు తక్కువ. భూతద్దం వెంట తీసుకెళ్ళండి. ఫోను ద్వారా డబ్బు చెల్లించవచ్చు. బీకన్ బిళ్ళలు నేను చివరిసారి చూసినప్పుడు ఇంకా రెండు ఉన్నాయి. వాటి కోసం దీపస్తంభాల పెట్టె అడగాలి.